అణు వ్యర్థాలను ఎక్కడ ఉంచాలి: నెల్లూరు, ప్రకాశం తీరవాసులకు ఒక పోలిక, ఒక సలహా

మన తీరంలో అణు విద్యుత్ కేంద్రం మాట వచ్చినప్పుడల్లా చర్చ భూసేకరణ, పరిహారం, ఉద్యోగాలు, చేపల వేట అనే నాలుగు అంశాల చుట్టూనే ఎక్కువగా తిరుగుతుంది. రష్యా రియాక్టర్ల కోసం కావలి తీరాన్ని పరిశీలిస్తున్నారని సుమారు దశాబ్దం కిందట పత్రికల్లో వార్తలు వచ్చినప్పుడు గానీ, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ విషయంలో ఏళ్ల తరబడి సాగుతున్న వాదోపవాదాల్లో గానీ, వాడి తీసేసిన ఇంధనాన్ని ఆ తరువాత ఎక్కడ పెడతారన్న ప్రశ్నకు దక్కిన చోటు తక్కువే. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు సాధించాలని కేంద్రం 2025 బడ్జెట్‌లో లక్ష్యం ప్రకటించాక, ఈ ప్రశ్న తీర జిల్లాలన్నిటి ముందుకూ ఏదో ఒక రూపంలో రాక తప్పదు. అణు విద్యుత్తు మంచిదా చెడ్డదా అన్న తగవు జోలికి నేను ఇక్కడ పోవడం లేదు. కల్పాక్కం, కైగా కేంద్రాల విద్యుత్తులో మన రాష్ట్రానికీ వాటా ఉంది కనుక వ్యర్థం ఇప్పటికే పుట్టింది, అందులో కొంత మన పేరనే పుట్టింది. దాన్ని ఉంచడానికి ఉన్న దారుల్లో దేన్ని ఏ షరతులతో ఒప్పుకోవచ్చు, దేన్ని ఒప్పుకోకూడదు అన్నదే విషయం.

పోల్చే ముందు సరుకు ఎలాంటిదో తెలియాలి. కృష్ణపట్నం పరిసరాల్లోని థర్మల్ కేంద్రాల బూడిద ఏటా లక్షల టన్నుల్లో పేరుకుంటుంది. వెయ్యి మెగావాట్ల తేలికనీటి (మామూలు నీటితో నడిచే) రియాక్టరు నుంచి ఏటా బయటికి వచ్చే ఇంధనం 20 నుంచి 30 టన్నులు మాత్రమే. మన దేశంలో ఎక్కువగా ఉన్న భారజల రియాక్టర్లు సహజ యురేనియంతో నడుస్తాయి కనుక, అంతే విద్యుత్తుకు వాటి నుంచి ఐదారు రెట్లు ఎక్కువ బరువున్న ఇంధనం వస్తుంది. అయినా బూడిదతో పోలిస్తే అది చాలా తక్కువ. ఇబ్బంది పరిమాణంలో లేదు, కాలంలో ఉంది. వాడిన ఇంధనంలోని సీజియం 137, స్ట్రాన్షియం 90 సుమారు 30 ఏళ్లకోసారి సగానికి తగ్గుతాయి. మూడు వందల ఏళ్లు గడిస్తే వాటి తీవ్రత వెయ్యో వంతుకు పడిపోతుంది. ప్లూటోనియం 239 సగానికి తగ్గడానికే 24,100 ఏళ్లు పడుతుంది. వేడి పుట్టించి తొలి శతాబ్దాల్లో ప్రాణం తీయగలిగేది మొదటి రకం, మన భాషలూ ప్రభుత్వాలూ మారిపోయిన తరువాత కూడా మిగిలి ఉండేది రెండో రకం. మొదటిదానికి కాపలా సరిపోతుంది. రెండోదానికి కాపలాను నమ్ముకోలేం.

చేతితొడుగులు, వడపోత గుళికలు, పనిముట్లు వంటి తక్కువ స్థాయి వ్యర్థాల విషయంలో తగవు చిన్నది. మన దేశంలోని అణు కేంద్రాల్లో వాటిని ఆవరణలోనే కాంక్రీటు కందకాల్లో, గొట్టపు గోతుల్లో నేలకు దగ్గరగా ఉంచుతారు. భూగర్భజలం ఎంత పైన ఉందో చూసి, చుట్టూ పరిశీలన బావులు తవ్వి, ఆ నీటి పరీక్షల ఫలితాలు ఊరికి అందేటట్లు చేయించుకుంటే చాలు. ఇక్కడినుంచి మాట్లాడేదంతా వాడిన ఇంధనం గురించి, దాన్నుంచి తీసిన అధిక స్థాయి వ్యర్థం గురించి.

కేంద్రం ఆవరణలోనే ఉంచడం

రియాక్టరు నుంచి తీసిన ఇంధనాన్ని ముందు లోతైన నీటి కొలనులో పెడతారు. ఇందులో ఎంపికకు తావు లేదు; కనీసం కొన్నేళ్లు నీరే దాన్ని చల్లార్చాలి. ఎంపిక ఆ తరువాత మొదలవుతుంది. కొలనులోనే దశాబ్దాల తరబడి కుక్కుతూ పోవచ్చు, లేదా ఐదారేళ్లు దాటిన ఇంధనాన్ని డ్రై కాస్క్ అని పిలిచే పీపాల్లోకి మార్చవచ్చు. ఉక్కు డబ్బాలో ఇంధనాన్ని పేర్చి, నీరంతా తోడేసి, లోపల హీలియం వాయువు నింపి, మూతను వెల్డింగ్ చేసి, ఆ డబ్బాను మందపాటి కాంక్రీటు తొడుగులో నిలబెడతారు. తొడుగు అడుగున ఉన్న కంతల్లోంచి గాలి లోపలికి వెళ్లి, డబ్బా వేడికి పైకి లేచి, పైకంతల్లోంచి బయటికి పోతుంది. దీనికి పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, మీట నొక్కే మనిషి కూడా అక్కర్లేదు.

ఈ తేడా మన తీరానికి ఎందుకు ముఖ్యమో వేరే దేశపు అనుభవమే చూపించింది. 2011 మార్చిలో ఫుకుషిమాలో కరెంటు పోయినప్పుడు, నాలుగో యూనిట్ కొలనులో నీరు ఇంకిపోతోందేమోనన్న భయం ప్రపంచమంతటినీ రోజుల తరబడి పట్టుకుంది. అదే ఆవరణలో డ్రై కాస్కులున్న భవనంలోకి సునామీ నీరు చొచ్చుకొచ్చినా కాస్కులు చెక్కుచెదరలేదు. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసినవారికి, 2004 డిసెంబర్‌లో సముద్రం ఎంత లోపలికి వచ్చిందో గుర్తున్నవారికి, కరెంటు మీద ఆధారపడే నిల్వకూ ఆధారపడని నిల్వకూ మధ్య తేడాను వేరే చెప్పక్కర్లేదు. ఆ సునామీ నాడు కల్పాక్కంలో నీరు పంపుహౌసులోకి చేరింది. రియాక్టరును సురక్షితంగానే ఆపగలిగారు.

ఈ దారిలో లోపం కూడా ఉంది. అమెరికాలోని మెయిన్ యాంకీ కేంద్రాన్ని 1990లలో మూసివేశారు, 2005 నాటికి కట్టడాలన్నిటినీ పడగొట్టారు. విద్యుత్తు లేదు, ఉద్యోగాలు లేవు, పన్నులు కట్టిన సంస్థ కార్యకలాపాలు లేవు. తీరాన 64 పీపాలు, వాటికి కాపలా మాత్రం మిగిలాయి. పీపా మంచిదే కావచ్చు, కానీ దాన్ని ఎప్పుడు, ఎవరు, ఎక్కడికి తీసుకుపోతారో ఒప్పందంలో రాయించుకోని ఊరికి చివరకు మిగిలేది అదే.

అందరి ఇంధనాన్నీ ఒకే చోటికి చేర్చడం

పది చోట్ల పది కాపలాలకు బదులు ఒక్క చోట గట్టి కాపలా మేలన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. స్వీడన్ 1985 నుంచి దేశంలోని వాడిన ఇంధనాన్నంతా ఓస్కర్షామ్న్‌లోని భూగర్భ కొలనుల్లో ఉంచుతోంది; అక్కడ అది సాగింది. ఎందుకంటే తుది నిల్వకు స్థలం వెతికే పని కూడా పక్కనే నడుస్తూ వచ్చింది. తుది నిల్వ ఊసే లేని చోట ఇదే ఏర్పాటు మీద జనానికి నమ్మకం కుదరదు.

అమెరికాలో 1982 చట్టం ప్రకారం ప్రభుత్వం 1998 జనవరి 31 నుంచి విద్యుత్ సంస్థల ఇంధనాన్ని స్వాధీనం చేసుకోవాలి. అందుకోసం యూనిట్‌కు సెంటులో పదో వంతు చొప్పున వినియోగదారుల నుంచి వసూలు చేశారు. గడువు దాటిపోయింది. ప్రస్తుతం దాదాపు 90,000 టన్నుల ఇంధనం డెబ్బైకి పైగా స్థలాల్లో పడి ఉంది, మాట తప్పినందుకు ప్రభుత్వం విద్యుత్ సంస్థలకు ఇప్పటికే వెయ్యి కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం చెల్లించింది. టెక్సస్, న్యూ మెక్సికోల్లో ప్రైవేటు సంస్థలు తాత్కాలిక కేంద్రాలు కడతామంటే ఆ రాష్ట్రాలు అడ్డంగా చట్టాలు చేశాయి, వ్యాజ్యం 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ రాష్ట్రాల వాదన ఒక్కటే: శాశ్వత నిల్వ లేనప్పుడు మా దగ్గరికి వచ్చింది మళ్లీ కదలదు. ఆ కేంద్రాలకు అనుమతి ఇచ్చిన అణు నియంత్రణ సంస్థకే అనుకూలంగా తీర్పు వచ్చింది గానీ, అది, వ్యాజ్యం వేసే అర్హత ఎవరికుందన్న అంశం మీద వచ్చిందే తప్ప ఈ వాదనకు జవాబుగా కాదు.

మన దేశపు ఉదాహరణ కూడంకుళం. 1988 నాటి ఒప్పందంలో వాడిన ఇంధనం రష్యాకు తిరిగి వెళ్లాలి. తరువాత సవరించిన ఒప్పందంలో అది మన దగ్గరే ఉంటుందని మార్చారు. తీరవాసుల ముందుకు ఆ మార్పు చర్చకు వచ్చి ఉంటే కథ ఎలా నడిచేదో చెప్పలేం. 2013 మే నెలలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నడపడానికి అనుమతిస్తూనే, రియాక్టరుకు ఆవల వేరే నిల్వ కట్టడాన్ని ఐదేళ్లలో సిద్ధం చేయాలన్నది. 2018లో ఆ గడువును 2022 వరకు పొడిగించింది. 2019 జూలైలో తిరునెల్వేలి జిల్లా రాధాపురంలో జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ వ్యతిరేకత కారణంగా వాయిదా పడింది. ఆ నిల్వ అక్కడి రెండు యూనిట్ల ఇంధనానికేనని అధికారులు చెప్పారు. దేశంలోని మిగతా కేంద్రాలదీ ఇక్కడికే చేరుస్తారేమోనని చుట్టుపక్కల ఊళ్లు భయపడ్డాయి. ఇద్దరి మాటకూ మధ్య ఉండవలసింది చట్టబద్ధమైన ఒక్క వాక్యం, అది లేకపోవడమే తగవుకు మూలం.

పునఃశుద్ధి: ఎంపికల జాబితాలో ఎందుకు పెట్టకూడదు

భారత్ వాడిన ఇంధనాన్ని వ్యర్థంగా చూడదు. ట్రాంబేలో 1964లోనే మొదలైన పునఃశుద్ధి తరువాత తారాపూర్, కల్పాక్కంలకు విస్తరించింది. ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించి యురేనియం, ప్లూటోనియం వేరు చేసి, మిగిలిన తీవ్రమైన ద్రవాన్ని గాజుతో కలిపి కరగబెట్టి ఉక్కు డబ్బాల్లో గడ్డకట్టిస్తారు. ఆ డబ్బాలను దశాబ్దాల పాటు గాలితో చల్లార్చే నిల్వలో ఉంచుతారు. అందువల్ల మనకు భూగర్భ నిల్వ అవసరం ఇప్పట్లో లేదన్నది అణుశక్తి శాఖ చెబుతూ వస్తున్న మాట.

ఇందులో నిజం ఉంది, కానీ అది సగం నిజమే. కల్లంలో ధాన్యాన్ని తూర్పారబడితే రాశి తగ్గుతుంది, గింజ వేరవుతుంది, కానీ పొల్లు ఎటో ఒకవైపు పడవలసిందే. గాజు డబ్బాలు కూడా ఒకనాటికి నేలలోతుకు దిగవలసినవే. పైగా ద్రవరూపంలో ఉన్న వ్యర్థం ఘనరూపం కంటే ప్రమాదకరం. 1957లో సోవియట్ యూనియన్‌లోని మయాక్ అణు కేంద్రంలో చల్లార్చే వ్యవస్థ చెడి ఒక ద్రవ వ్యర్థాల ట్యాంకు పేలింది, వేల చదరపు కిలోమీటర్ల నేల కలుషితమైంది. కాబట్టి పునఃశుద్ధి ఇంధన విధానానికి సంబంధించిన నిర్ణయం. దాన్ని స్థలం ప్రశ్నకు జవాబుగా ఎవరైనా మన ముందు పెడితే, గాజు డబ్బా చివరి చిరునామా ఏదని అడగడం మానకూడదు.

లోతైన రాతిలో శాశ్వతంగా

కాపలాను నమ్ముకోలేని కాలానికి శాస్త్రవేత్తలు దాదాపు ఏకాభిప్రాయంతో చెప్పే మార్గం, నాలుగైదు వందల మీటర్ల లోతున స్థిరమైన రాతిలో పాతిపెట్టడం. సముద్రంలో పారబోయడాన్ని 1993లో అంతర్జాతీయంగా నిషేధించారు. మిగతా ఆలోచనలన్నీ కాగితం దాటలేదు.

ఫిన్లాండ్ అందరికంటే ముందుంది. ఓల్కిలువోటో దీవిలోని ఓంకాలో సొరంగాల్లో ఇంధనాన్ని పోత ఇనుప గుండెకాయ చుట్టూ ఐదు సెంటీమీటర్ల మందం రాగి ఉన్న డబ్బాలో పెట్టి, రాతిలో తొలిచిన గుంటలో దించి, చుట్టూ బెంటొనైట్ మట్టి దట్టిస్తారు. బోరు వేసేవారికి ఈ మట్టి తెలిసినదే. తడి తగిలితే ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది. రాతిలో పగుళ్లుంటాయని, వాటిలో నీరు కదులుతుందని ముందే ఒప్పుకుని చేసిన రూపకల్పన ఇది. 2001లో పార్లమెంటు దీన్ని ఆమోదించింది: అనుకూలంగా 159 ఓట్లు, వ్యతిరేకంగా 3. అయితే పార్లమెంటు కంటే ముందు యూరయోకి స్థానిక పురపాలక మండలి ఒప్పుకోవాలి. అది కాదంటే అక్కడితో ఆగిపోయేది. స్వీడన్‌లోనూ అంతే. ఓస్ట్‌హమ్మార్, ఓస్కర్షామ్న్ అనే రెండు పట్టణాలు నిల్వ కోసం పోటీపడగా, 2009లో స్థలం ఓస్ట్‌హమ్మార్‌లోని ఫోర్స్‌మార్క్‌కు దక్కింది. ముందే కుదుర్చుకున్న అభివృద్ధి నిధుల ఒప్పందంలో నాలుగింట మూడు వంతులు స్థలం దక్కని పట్టణానికి వెళ్లేటట్లు రాసుకున్నారు, ఎందుకంటే గెలిచినవారికి ఉద్యోగాలూ పనులూ ఎలాగూ వస్తాయి. మన దగ్గర ఇలాంటి ఒప్పందం ఎవరైనా ప్రతిపాదిస్తే నవ్వుతారేమో గానీ, డబ్బు కోసం ఒప్పుకున్నారన్న అపవాదు రాకుండా చేయడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు కనిపించలేదు. ఆ నిల్వకు ప్రభుత్వం 2022లో అనుమతి ఇచ్చింది, తవ్వకం 2025లో మొదలైంది.

దీనికి ఎదురు ఉదాహరణ నెవాడా. 1987లో అమెరికా కాంగ్రెస్ మిగతా స్థలాలన్నీ కొట్టేసి యక్కా పర్వతం ఒక్కదాన్నే పరిశీలించాలని చట్టాన్ని సవరించింది. ఒక్క అణు విద్యుత్ కేంద్రం కూడా లేని నెవాడా దాన్ని అన్యాయమంది. 2002లో గవర్నర్ కాదన్నా కాంగ్రెస్ తోసిరాజంది. అప్పటినుంచి కోర్టులూ ఎన్నికలూ కలిసి దాన్ని నడవనివ్వలేదు, ఒబామా హయాంలో పని ఆగిపోయింది. 2012లో ఆ దేశపు ఉన్నతస్థాయి సంఘం స్థానిక సమ్మతితోనే స్థలం ఎంచుకోవాలని సిఫారసు చేసింది. జర్మనీ 1977లో గోర్లెబెన్‌ను ఎంచుకుని, నాలుగు దశాబ్దాల ఆందోళనల తరువాత 2020లో దాన్ని జాబితా నుంచి తీసేసి మళ్లీ మొదటికి వచ్చింది.

మన దగ్గరి అనుభవం కోలార్. 1980లలో అక్కడి చాంపియన్ రీఫ్ గనిలో దాదాపు వెయ్యి మీటర్ల లోతున హీటర్లు పెట్టి, వేడికి రాయి ఎలా ప్రవర్తిస్తుందో భాభా అణు పరిశోధన కేంద్రం పరిశీలించింది. 2012 నవంబర్‌లో కూడంకుళం వ్యాజ్యం సందర్భంగా వ్యర్థాల నిల్వకు కోలార్ పేరు బయటికి రాగానే అక్కడ నిరసనలు చెలరేగాయి, కేంద్రం అలాంటి ఆలోచన లేదని చెప్పుకోవలసి వచ్చింది. పాత గనిని వాడుకుందామన్న ఆలోచనే సరైంది కాదని నా అభిప్రాయం. జర్మనీలో ఆస్సె అనే పాత ఉప్పు గనిలో 1967, 1978 మధ్య లక్షా ఇరవై వేలకు పైగా పీపాలు దించారు. నీరు దిగడం మొదలయ్యాక ఇప్పుడు వాటిని పైకి తీయాలని చట్టమే చేసుకున్నారు. ఖనిజం కోసం తవ్విన గనిని ఖనిజం ఉన్నచోట తవ్వుతారు, పగుళ్లూ పాత దారులూ ఎన్ని ఉన్నా పట్టించుకోరు. వ్యర్థం కోసం తవ్వేచోట చూడవలసింది సరిగ్గా ఆ పగుళ్లనే.

మన కింది రాయి

మన రెండు జిల్లాల్లో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే మొదట గుర్తుకొచ్చేది చీమకుర్తి రాయి. గెలాక్సీ గ్రానైట్ అని ప్రపంచమంతా కొంటున్నది భూగర్భశాస్త్రం లెక్కన గాబ్రో జాతి రాయి. క్వారీలో దిమ్మెను కోసి పైకి తీశాక మీద నీళ్లు చల్లి చూస్తారు. మిగతా ముఖమంతా ఆరిపోయినా ఒక సన్నని గీత వెంట తడి నిలిస్తే అక్కడ పగులున్నట్లే, ధర పడిపోయినట్లే. అణు నిల్వకు రాయిని ఎంచేవారూ చూసేది ఆ తడి గీతనే, కాకపోతే ఐదు వందల మీటర్ల లోతున, వేల ఏళ్ల లెక్కన. చీమకుర్తి ఇంకో కారణంతోనే పరీక్షలో తప్పుతుంది: విలువైన ఖనిజం ఉన్న చోటును రేపటి మనుషులు తవ్వకుండా ఉండరు కాబట్టి అలాంటి చోట్లను వదిలేయాలన్నది ప్రపంచమంతటా పాటిస్తున్న నియమం.

ఇంకా రెండు సంగతులు ఉన్నాయి. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్‌లోనూ ముండ్లమూరు పరిసరాల్లో స్వల్ప ప్రకంపనలు జనాన్ని ఇళ్లలోంచి బయటికి పరిగెత్తించాయి. లోతున ఉన్న సొరంగానికి ఉపరితలం కంటే కుదుపు తక్కువ తగులుతుంది కనుక ఇదొక్కటే స్థలాన్ని కొట్టేయదు. రెండోది నీరు. కనిగిరి, పొదిలి వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కడినుంచి వస్తోంది? రాతిలోని ఖనిజాలు పగుళ్ల వెంట నీటిలో కరగడం వల్లనే. లోతైన రాయి ఎండిన గోడ కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తాగునీటికి బోర్లు ఇంకా ఇంకా లోతుకు దించుతున్న ప్రాంతం శాశ్వత నిల్వకు ముందు వరుసలో ఉండకూడదని నేననుకుంటాను. అది భయం వల్ల అంటున్న మాట కాదు.

ఏది ఎంచుకోవాలి

తీరంలో కేంద్రం వస్తే, ఆ కేంద్రపు ఇంధనాన్ని కొలనులో అవసరమైనన్ని ఏళ్లే ఉంచి, సునామీ, తుపాను ఉప్పెన మట్టానికి బాగా ఎత్తున అదే ఆవరణలో డ్రై కాస్కుల్లోకి మార్చడం ఈ శతాబ్దానికి అన్నిటికంటే మేలైన దారి. నేను దాన్నే ఎంచుకుంటాను, మూడు షరతులతో. వేరే కేంద్రాల ఇంధనం అక్కడికి రాదని ఉత్తర్వులోనే ఉండాలి. దక్షిణ కొరియాలో గ్యోంగ్జు నగరం 2005లో దాదాపు తొంభై శాతం ఓట్లతో తక్కువ స్థాయి వ్యర్థాల కేంద్రాన్ని ఆహ్వానించింది. అధిక స్థాయి నిల్వను మళ్లీ అదే ఊళ్లో పెట్టకూడదని చట్టమే హామీ ఇవ్వడం అందుకు ఒక కారణం. రెండో షరతు గడువు: పీపాలు ఏ సంవత్సరం దాటి ఉండకూడదో, దాటితే ఏటా ఎంత మొత్తం స్థానిక సంస్థలకు చెల్లించాలో రాసి ఉండాలి. మూడోది డబ్బు. మన అణు విద్యుత్తు ధరలో కేంద్రాన్ని మూసి విడదీసే ఖర్చుకు యూనిట్‌కు రెండు పైసలు వసూలు చేస్తున్నారు. ఇంధనం చివరి నిల్వకు వేరే నిధి ఎక్కడుందో, ఎవరి అదుపులో ఉందో చెప్పించుకోవాలి.

అందరి ఇంధనాన్నీ ఒకచోట చేర్చే తాత్కాలిక కేంద్రాన్ని, శాశ్వత నిల్వకు స్థలం ఖరారు కానంతవరకు, మన జిల్లాలు గానీ మరే జిల్లా గానీ ఒప్పుకోకూడదు. మా దగ్గర వద్దు, వేరేచోట పెట్టండి అనడం స్వార్థమని ఎవరైనా అంటే, అందులో కొంత న్యాయం ఉంది. అందుకే శాశ్వత నిల్వకు దేశవ్యాప్త అన్వేషణను మాత్రం వ్యతిరేకించకూడదు, మన జిల్లాలను కూడా పరిశీలించవద్దని అడగకూడదు. కాకపోతే పరిశీలన మొదలుపెట్టే ముందే, ఏ దశ వరకు గ్రామసభ వద్దంటే ఆగుతుందో చట్టంలో రాసి ఉండాలి. ప్రస్తుతం ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పినది నమోదవుతుంది, అంతే. అది ఓటు కాదు.

2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. చాలామంది సారాంశంతోనే ఆపేస్తారు. పూర్తి నివేదికను కలెక్టరు కార్యాలయంలో గానీ జిల్లా పరిషత్తులో గానీ తీయించి, వాడిన ఇంధనం నిల్వ సామర్థ్యం ఎన్నేళ్లకు సరిపోతుందో, ఆ ఏళ్లు నిండాక ఏం చేస్తారో ఉన్న పేజీని ముందు చదవాలి. ఆ పేజీలో సంవత్సరం లేకపోతే అదే మొదటి అభ్యంతరం. దాన్ని నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోవాలి. సభ చివర కార్యక్రమ నివేదికను తెలుగులో చదివి వినిపించి అధ్యక్షత వహించిన అధికారి సంతకం చేయాలని నియమం ఉంది కనుక, షామియానా విప్పుతున్నా సరే ఆ చదువు అయ్యేదాకా కదలకుండా, మన అభ్యంతరం అందులో మనం చెప్పినట్టే నమోదైందో లేదో విని, తేడా ఉంటే సంతకం పడకముందే సరిచేయించుకోవాలి.